లేబర్ కమిషనర్ కావాలంటే ఐఏఎస్సే రాయాలా?

ప్రశ్న: మాది గోదావరిఖని, నేను సింగరేణి ఉద్యోగిని. మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ పూర్తి చేసింది. రాష్ట్ర లేబర్ డిపార్ట్‌మెంట్‌లో పెద్ద ఆఫీసర్ అవుతానని, అందుకు గ్రూప్స్ రాస్తానని అంటోంది. కమిషనర్‌గా ఉండేది ఐఏఎస్సే కదా, ఢిల్లీలో రెండు మూడేళ్లు కోచింగ్ ఇప్పిస్తే మేలు కాదా? గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌గా చేరితే అక్కడే ఉండిపోతుందేమోనని భయం. ఏది మంచిది?

జవాబు: మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ ‘అక్కడే ఉండిపోతుందేమో’ అన్న మాటే. ఆ భయం అక్కర్లేదండీ. అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పైన అసిస్టెంట్ కమిషనర్, డిప్యూటీ కమిషనర్, జాయింట్ కమిషనర్, అడిషనల్ కమిషనర్ మెట్లున్నాయి. గ్రూప్-1లో నేరుగా అసిస్టెంట్ కమిషనర్‌గా చేరితే కింది మెట్టు ఎక్కే పనే లేదు. కమిషనర్ కుర్చీలో మాత్రం మీరన్నట్టు మామూలుగా ఐఏఎస్ అధికారే ఉంటారు.

అయితే లేబర్ శాఖ కోసం ఐఏఎస్ రాయించడం నాకు ససేమిరా నచ్చదు. ఏటా ఐఏఎస్‌కు తీసుకునేది దాదాపు 180 మందిని, అదీ దేశమంతటికీ. అందులో ఒకరయ్యాక కూడా కేడర్ (అంటే పనిచేయాల్సిన రాష్ట్రం) తెలంగాణే వస్తుందన్న హామీ లేదు, అస్సాం రావచ్చు. సొంత రాష్ట్రమే వచ్చినా ఏ శాఖలో వేయాలో ప్రభుత్వం చూసుకుంటుంది. ఈరోజు లేబర్, రేపు మత్స్యశాఖ. అమ్మాయి అడుగుతున్నది కార్మికుల పని, మీరు చూస్తున్నది కుర్చీ. చుట్టాలకు ‘మా అమ్మాయి ఐఏఎస్‌కు ప్రిపేరవుతోంది’ అని చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, ఫలితం రాకపోతే ఆ మూడేళ్ల భారం మోయాల్సింది మీరు కాదు, తను. తనకే ఐఏఎస్ మీద మనసుంటే అది వేరే సంగతి. మీ ఉత్తరంలో అలాంటి మాట ఒక్కటీ లేదు.

నిజంగా కుర్చీయే ముఖ్యమనుకుంటే గ్రూప్-1లో డిప్యూటీ కలెక్టర్ దారి మేలు. ఐఏఎస్‌లో మూడో వంతు పదోన్నతితో నింపుతారు. అందులో సింహభాగం డిప్యూటీ కలెక్టర్లుండే రెవెన్యూ వారిదే, మిగతా శాఖలన్నిటికీ కలిపి 15 శాతం మించదు. కాబట్టి లేబర్ శాఖలో చేరి ఐఏఎస్ కావడం అరుదు. దాచి లాభం లేదు, ఇది తెలిసే చేరాలి.

ఇక అసిస్టెంట్ కమిషనర్ చేసే పని ఏమిటంటారా? పనిలో ప్రమాదానికి గురైన కార్మికుల పరిహారం కేసులు విని ఆర్డర్ ఇవ్వడం అందులో ఒకటి. 2024లో అపార్ట్‌మెంట్ సెంట్రింగ్ మీంచి పడి చనిపోయిన ఒక కూలీ కేసు అనుకుందాం. నెల కూలి రూ.18,000. పరిహారం లెక్కకు మాత్రం గరిష్ఠంగా రూ.15,000 తీసుకుంటారు, 2020 జనవరి నుంచి అంతే. అందులో సగం 7,500. దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి, వయసు 30 అయితే అది 207.98. రూ.15,59,850 వస్తుంది. కాంట్రాక్టర్ తరఫు వకీలు 40 ఏళ్లని వాదిస్తే గుణకం 184.17కు పడిపోతుంది, కుటుంబానికి రూ.1,78,575 తగ్గుతుంది. ఆధార్‌లో ఒక వయసు, పోస్టుమార్టం రిపోర్టులో ఇంకొకటి ఉంటాయి. దేన్ని నమ్మిందీ, ఎందుకు నమ్మిందీ ఆర్డర్‌లో రాయాలి. రాయకపోతే హైకోర్టులో ఆ ఆర్డర్ నిలవడం కష్టం. అసలు ‘వాడు మా కూలీయే కాదు’ అనడం ఇంకా మామూలు వాదన. హాజరు పుస్తకం ఉండదు, ఫోన్‌పేలో పడిన డబ్బులు, తోటి మేస్త్రీ వాంగ్మూలమే ఆధారం. ఎల్‌ఎల్‌బీ చదివిన పిల్లకు ఇంతకన్నా పనికొచ్చే కుర్చీ ఏది చెప్పండి! గ్రాట్యుటీ కేసులు, దుకాణాల్లో ఉద్యోగం పీకేసిన వారి అప్పీళ్లు కూడా అక్కడికే వస్తాయి.

మీరు సింగరేణి వారు గనుక ఒక మాట. మీ గనుల వివాదాలు చూసేది రాష్ట్ర శాఖ కాదు, కేంద్ర లేబర్ యంత్రాంగం. యూనియన్ చర్చల్లో మీరు చూసిన అధికారుల హోదాను బట్టి ఈ ఉద్యోగాన్ని అంచనా వేయకండి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కూడా వేరే శాఖే, దానికి ఇంజనీరింగ్ డిగ్రీ అడుగుతారు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిశాయి. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్, అంటే తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చే అధికారి. అలాగని పాత పుస్తకాలు పక్కన పడేయొద్దు, అంతకుముందు జరిగిన ప్రమాదాల కేసులు ఇంకా చాలాకాలం నడుస్తాయి. రెండూ చదవాలి.

ప్రిపరేషన్ గ్రూప్-1, గ్రూప్-2లకు కలిపే సాగించమనండి. ఈలోగా పరిహారం కేసులు వాదించే సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా చేరితే దరఖాస్తులు, కౌంటర్లు, ఆర్డర్లు చేతికి అలవాటవుతాయి. రేపు పరీక్షలో రాకపోయినా ప్రాక్టీసు ఉంటుంది. పోస్టుల ప్రాధాన్యం పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. అందరూ అలవాటుగా డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ ముందు పెట్టి అసిస్టెంట్ లేబర్ కమిషనర్‌ను ఎక్కడో కిందికి నెట్టేస్తారు. ర్యాంకు మంచిదొస్తే పైన పెట్టిందే ఇస్తారు, తర్వాత శాఖ మార్చమంటే కుదరదు. ఆ రోజు మీరు పక్కన కూర్చుని చెప్పకండి, తననే పెట్టుకోనివ్వండి.