ఇప్టా చిహ్నంలో నగారా ఎందుకు ఉంది? ఎవరు గీశారు?

ఇప్టా, అంటే భారత ప్రజానాట్య సంఘం, చిహ్నంలో నగారా మోగిస్తున్న మనిషి బొమ్మను గీసింది బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్. జనాన్ని పిలిచే వాద్యం కాబట్టి ఆ సంఘానికి అది అతికినట్టు సరిపోయింది.

పూర్వం రాజుగారి కబురైనా, యుద్ధవార్తైనా ముందు నగారా మోగేది. ఆ మోతను మామూలు జనం చేతికివ్వడమే ఈ బొమ్మలోని అసలు కిటుకు. 1943 మేలో బొంబాయిలో ఇప్టా పుట్టింది. అప్పుడు బెంగాల్‌ను కరువు కమ్ముకుంటోంది. ఆ కరువు ఊళ్లు తిరిగి ఎండిన మనుషుల్ని నల్ల సిరాతో గీసినవాడూ ఈ చిత్తప్రసాదే. (సంఘానికి పేరు సూచించింది మాత్రం అణుశాస్త్రవేత్త హోమీ భాభా అంటే చాలామంది నమ్మరు!)

పిలిచి కూర్చోబెట్టి కథ చెప్పడం ఎలా ఉంటుందో మన ప్రజానాట్యమండలి బుర్రకథ చూస్తే తెలుస్తుంది. ఇప్టాకు తెలుగునాట శాఖ అదే. భుజాన తంబురా, వేళ్లకు అందెలతో షేక్ నాజర్ పాత కళారూపంలోనే కొత్త సంగతులు చెప్పాడు.

చిహ్నంలోని ఆ నగారాను డప్పు అనుకోవడం పొరపాటు. డప్పు పలచని చట్రం, భుజానికి తగిలించుకుంటారు. నగారా గిన్నెలా లోతుగా ఉంటుంది. రెంటినీ కర్రలతోనే వాయిస్తారు కాబట్టి బొమ్మలో తికమక సహజమే.