ఇంజెక్షన్ల తర్వాత చెవుల్లో హోరు

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. మందులకు లొంగని టీబీకి మా తమ్ముడికి అమికాసిన్ ఇంజెక్షన్లు చేస్తున్నారు. రెండు వారాలుగా చెవుల్లో ఒకటే హోరు, పిలిస్తే పలకడం లేదు. మందులు మానేయమంటారా?

జవాబు: మానొద్దమ్మా, ఒక్క మాత్ర కూడా. కానీ తర్వాతి ఇంజెక్షన్ వేయించుకునే ముందే, అంటే రేపే, టీబీ డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. అమికాసిన్, కనామైసిన్ లాంటివి లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలను చంపేస్తాయి, అవి మళ్లీ పుట్టవు, అందుకే పోయిన వినికిడి చాలామందికి తిరిగి రాదు. ముందు వినపడకుండా పోయేది కీచుమనే సన్నటి శబ్దాలే కాబట్టి ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు (ఇదే నాకు బాధ). ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. ఇంజెక్షన్ లేకుండా మాత్రలతోనే నడిచే కోర్సులకు ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మీ తమ్ముడికి అలా మార్చడం కుదురుతుందా అని గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు. ఇంజెక్షన్ ఆపాక కూడా కొన్నాళ్లు వినికిడి తగ్గొచ్చు, కాబట్టి పరీక్ష మళ్లీ చేయించాలి. అప్పటికీ వినపడకపోతే చెవి మిషన్ ఉంది. ఈలోగా అతనితో ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా నిదానంగా మాట్లాడండి.