జీటీ క్లాసు: డిస్ట్రిక్టుతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ శివార్లలో ఉంటాం. రెండో తరగతి చదివే మా అమ్మాయి జీటీకి (గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్, అంటే ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల కార్యక్రమానికి) ఎంపిక కాలేదని స్కూలు నుంచి రెండు లైన్ల మెయిలు వచ్చింది. కారణం అడిగే హక్కు మాకు ఉందా?

జవాబు: ఉందండి. అడిగే ముందు ఒక్క కాగితం చదవండి. టెక్సస్‌లో ప్రతి స్కూలు డిస్ట్రిక్టు, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ, జీటీ పిల్లల్ని ఎలా గుర్తిస్తుందో తన పాలక బోర్డు ఆమోదంతో రాసి పెట్టుకోవాలని నిబంధన ఉంది. బోర్డు పాలసీ మాన్యువల్లో ఈహెచ్‌బీబీ అన్న కోడ్‌తో వెతకండి. 'లీగల్' అని ఉన్నది రాష్ట్ర చట్టం, 'లోకల్' అని ఉన్నది మీ డిస్ట్రిక్టు రాసుకున్నది. ముందు లోకల్ చదవండి.

రాష్ట్ర జీటీ ప్రణాళిక ప్రకారం కనీసం మూడు కొలతలు చూడాలి. వాటిలో పరీక్ష మార్కులే కాదు, పనితీరు, టీచరు పరిశీలన లాంటివీ ఉండాలి. నిర్ణయించేది జీటీ శిక్షణ పొందిన కనీసం ముగ్గురు ఉపాధ్యాయుల కమిటీ. కాబట్టి 'పరీక్షలో కటాఫ్ రాలేదు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. మిగతా రెండు కొలతల్లో పాప ఎక్కడుందో అడగండి.

కాగ్యాట్ అనే ఆలోచనా సామర్థ్య పరీక్ష రాయించి ఉంటే మొత్తం రిపోర్టు అడిగి తీసుకోండి. అందులో వెర్బల్ (మాటలు), క్వాంటిటేటివ్ (అంకెలు), నాన్‌వెర్బల్ (బొమ్మలు) అని మూడు భాగాలుంటాయి. చివర్లో '8బీ, వీ మైనస్' లాంటి గుర్తు కనబడుతుంది. 8 అంటే తొమ్మిది మెట్లలో ఎనిమిదో మెట్టు. బీ అంటే మూడింట్లో ఒక భాగం మిగతా రెంటికీ దూరంగా ఉందని. వీ మైనస్ అంటే ఆ వెనకబడింది వెర్బల్ అని. మూడూ కలిపిన స్కోరు ఒక్కటే చూస్తే ఇది కనబడదు. ఇంట్లో తెలుగే మాట్లాడే పాప విషయంలో ఇది తప్పకుండా అడగాల్సిన సంగతి. పిల్లలకు అర్థమయ్యే భాషలో గానీ, నాన్‌వెర్బల్ పద్ధతిలో గానీ పరీక్షించాలని రాష్ట్ర ప్రణాళికే చెబుతోంది.

ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ప్రకారం, మీరు అడిగిన 45 రోజుల్లోగా స్కూలు మీ పాప రికార్డులు చూపించాలి. అయితే అప్పీలు గడువు అంతకంటే ముందే ముగియవచ్చు. అందుకే రికార్డుల కోసం ఆగకుండా, అప్పీలు ఉత్తరం ముందు ఇచ్చేయండి. చాలా డిస్ట్రిక్టుల్లో మొదటి అప్పీలు ఎంపిక కమిటీకే వెళ్తుంది. అక్కడ తేలకపోతే ఎఫ్‌ఎన్‌జీ అనే ఫిర్యాదుల పాలసీ కింద పైకి వెళ్లొచ్చు.

ప్రశ్న: వచ్చే ఏడాదికి కాగ్యాట్ కోచింగ్ పెట్టించమంటారా?

జవాబు: వద్దు. ప్రశ్నల తీరు తెలియడానికి నాలుగైదు నమూనా ప్రశ్నలు చాలు. నెలల తరబడి రుద్దితే పెరిగేది స్కోరే. రేపు క్లాసులో ఆ వేగం అందుకోలేక నలిగేది పాపే.

ప్రశ్న: మా అబ్బాయి జీటీలోనే ఉన్నాడు. వారానికి ఒక గంట పజిల్స్ చేయిస్తారు, మిగతా రోజులు అందరితో పాటు అవే వర్క్‌షీట్లు. మేం పది పన్నెండు కుటుంబాలం కలిసి డిస్ట్రిక్టును అడగాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అసలు అడగాల్సింది ఇదే. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ నాలుగింటిలోనూ జీటీ పిల్లలకు తగిన పాఠం అందాలని రాష్ట్ర ప్రణాళిక చెబుతోంది. వారానికి గంట పజిల్స్‌తో ఆ బాధ్యత తీరదు.

మొదట మూడు సంగతులు రాబట్టండి: ఏ తరగతిలో, ఏ సబ్జెక్టులో, వారానికి ఎన్ని నిమిషాలు జీటీ పాఠం చెబుతున్నారు; ఆ పాఠం చెప్పే టీచరుకు 30 గంటల ప్రాథమిక జీటీ శిక్షణ, ఆపైన ఏటా 6 గంటలు పూర్తయ్యాయా; జీటీ కార్యక్రమంపై ఏటా జరగాల్సిన సమీక్ష ఎప్పుడు జరిగింది. ఆ సమీక్షను బోర్డు ముందు పెట్టాలి, తల్లిదండ్రులను అందులో కలుపుకోవాలి. 'మమ్మల్ని ఈ ఏడాది సమీక్షలో కలపండి' అన్న మాటతోనే మీ మెయిలు మొదలుపెట్టండి.

తర్వాత వరస తప్పొద్దు. క్లాసు టీచరు, ప్రిన్సిపల్, డిస్ట్రిక్టు జీటీ కోఆర్డినేటర్, ఆ తర్వాతే బోర్డు. నేరుగా బోర్డు మైకు ముందుకు వెళ్తే, బోర్డు సభ్యులు ఆ విషయాన్ని మళ్లీ ఆ కోఆర్డినేటర్‌కే పంపుతారు, ఆమె మనసులో మాత్రం మీ మీద కినుక మిగులుతుంది. అజెండాలో లేని విషయం మీద బోర్డు చర్చించకూడదు కూడా. మీ అంశం అజెండాలోకి వచ్చేలా చూసుకుని, మాట్లాడేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కొక్క సంగతే చెప్పండి.

పెద్ద ఖర్చు లేని రెండు కోరికలతో వెళ్లండి. ఒకటి, జీటీ పిల్లల్ని అన్ని సెక్షన్లకూ ఒక్కొక్కరిగా పంచకుండా, అయిదారుగురిని శిక్షణ ఉన్న ఒకే టీచరు సెక్షన్‌లో వేయడం. రెండోది, పాఠం మొదలుపెట్టే ముందే ఆ పాఠం చివరి పరీక్ష పెట్టడం. భిన్నాలు సోమవారమే వచ్చేసిన పిల్లవాడు మూడు వారాలు భిన్నాలు చేయక్కర్లేదు. కానీ అతనికి బదులుగా ఏం ఇస్తారో టీచరు దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి. లేకపోతే అదే వర్క్‌షీటు రెండో కాపీ ఇస్తారు. పిల్లలు దాన్ని శిక్షగానే తీసుకుంటారు, మళ్లీ ముందుగా పూర్తిచేయరు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే కదలండి. డిస్ట్రిక్టు ఆర్థిక సంవత్సరం జులై 1న గానీ సెప్టెంబరు 1న గానీ మొదలవుతుంది. మే నెలకల్లా సెక్షన్లు, టీచర్లు చాలావరకు ఖరారైపోతాయి. డబ్బు లేదంటే, 2019లో తీసేసిన జీటీ నిధిని రాష్ట్రం 2021లో తిరిగి ఇచ్చిందని గుర్తుచేయండి. అది మొత్తం పిల్లల్లో 5 శాతం మందికే వస్తుందన్నది కూడా తెలుసుకుని మాట్లాడండి.

ఇక ఇలాంటి బృందాలు ఎక్కువగా దెబ్బతినేది ఒక్కచోటే. వచ్చినవాళ్లంతా ఒకే భాషవాళ్లు, అడిగేదంతా తమ పిల్లల గురించే అయితే, కోఆర్డినేటర్ వింటారు గానీ కదలరు. స్పానిష్ మాట్లాడే కుటుంబాలను, జీటీకి పిల్లల పేరు ఇచ్చే నామినేషన్ ఫారం ఎప్పుడు వస్తుందో కూడా తెలియని కుటుంబాలను వెంటబెట్టుకుని వెళ్లండి. దరఖాస్తుతో పనిలేకుండా రెండో తరగతి పిల్లలందరికీ పరీక్ష పెట్టమని కలిసి అడగండి. ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ 2005లో ఆ పని చేస్తే, అంతవరకు ఎవరి కంటా పడని పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు పెద్ద సంఖ్యలో బయటపడ్డారు. ఖర్చు తగ్గించడానికి ఆపేయగానే ఆ సంఖ్య మళ్లీ పడిపోయింది.

ప్రశ్న: అయిదో తరగతి పాపకు లెక్కలు మరీ తేలికైపోయాయి. ఒక క్లాసు దాటించవచ్చా?

జవాబు: తరగతే దాటాలంటే క్రెడిట్ బై ఎగ్జామ్, అంటే ఆ తరగతిలో కూర్చోకుండానే దాని పాఠాలు వచ్చని చూపే పరీక్ష, రాయించాలి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ నాలుగింటిలో ఒక్కొక్కదానిలో 80 శాతం రావాలి. డిస్ట్రిక్టు ప్రతినిధి సిఫారసు, మీ లిఖిత అంగీకారం కూడా కావాలి. డిస్ట్రిక్టు ఈ పరీక్షలను ఏడాదికి నాలుగు సార్లు పెట్టాలి. రిజిస్ట్రేషన్ గడువు పరీక్షకు చాలా ముందే ముగుస్తుంది, ఇవాళే తేదీలు చూడండి. సమస్య ఒక్క లెక్కల్లోనే అయితే ఇంత అవసరం లేకపోవచ్చు. 2023 నాటి చట్టం ప్రకారం, అయిదో తరగతిలో రాష్ట్రం పెట్టే స్టార్ లెక్కల పరీక్షలో పై 40 శాతంలో నిలిచిన పిల్లల్ని ఆరో తరగతి అడ్వాన్స్‌డ్ లెక్కల్లో డిస్ట్రిక్టే చేర్చాలి. జూన్‌లో ఫలితం చేతికి రాగానే ఆరో తరగతి షెడ్యూల్లో పాప పేరు ఏ క్లాసులో ఉందో కౌన్సెలర్‌ని అడిగి చూసుకోండి.