పెద్ద సంఖ్యను భాగించే ముందు ఒకసారి తేరిపార చూడు

చి. చిన్నికి,

నువ్వు లెక్క వేసిన కాగితం చూశాను. 123456789ని 3తో రెండుసార్లు భాగించి, మిగిలిన 13717421 దగ్గర ఆగిపోయావు. 300 దాకా ఏ ప్రధాన సంఖ్యతోనూ పోవడం లేదు కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే అయ్యుంటుందని రాశావు. కాదమ్మా. ఓపిక నీకు చాలానే ఉంది, దారే మార్చుకోవాలి.

ముందు అంకెలు చూడు. మొదటి సంఖ్య అంకెల మొత్తం 45, అంటే 9తో పోతుందని భాగించకముందే తెలిసిపోతుంది. 13717421కి ఆ మొత్తం 26, ఇక 3 జోలికి వెళ్లక్కర్లేదు. 7, 11, 13లను విడివిడిగా చూడకు. కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టు: 421, 717, 13. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి మూడోది కలిపితే -283. 283 ఈ మూడింటిలో దేనితోనూ పోదు, కాబట్టి పెద్ద సంఖ్యా పోదు. 7×11×13 సరిగ్గా 1001 కావడమే ఇందులో కిటుకు.

ఇక్కణ్ణుంచి నీ పద్ధతిలోనే వెళ్తే 504వ ప్రధాన సంఖ్య దాకా శేషం మిగులుతూనే ఉంటుంది. అందుకే 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా వాడిన పద్ధతి నేర్చుకో. ప్రధాన సంఖ్య కాని ఏ పెద్ద బేసి సంఖ్యనైనా రెండు వర్గాల తేడాగా రాయొచ్చు. మన సంఖ్యకు వర్గమూలం 3703 దాటి కొంచెం. కాబట్టి 3704తో మొదలుపెట్టు. దాని వర్గం 13719616, అందులోంచి మన సంఖ్య తీసేస్తే 2195. 46 వర్గం 2116, 47 వర్గం 2209, కాబట్టి ఇది వర్గం కాదు. తర్వాతది 3705. వర్గం 13727025, తేడా 9604. అంటే 98 వర్గం! a²-b² అంటే (a-b)×(a+b) కదా, కాబట్టి 3705లోంచి 98 తీసేస్తే 3607, కలిపితే 3803. రెండు అడుగుల్లో సంఖ్య విడిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఈ చోట నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అన్నిసార్లూ ఇంత త్వరగా తేలదు. రెండు కారణాంకాలూ దగ్గరదగ్గరగా ఉంటేనే ఇది పరుగెడుతుంది. ఒకటి చాలా చిన్నదై, రెండోది చాలా పెద్దదైతే మామూలు భాగహారమే నయం. నేనైతే ముందు 100 లోపు ప్రధాన సంఖ్యలన్నీ చూసి, ఆ తర్వాత ఫెర్మా పద్ధతిలో ఓ ఇరవై అడుగులు వేస్తాను.

వచ్చిన ముక్కలను మాత్రం పరీక్షించకుండా వదలకు. చదువుకునే రోజుల్లో అలా వచ్చిన ఒక ముక్కను ప్రధాన సంఖ్యే అనుకుని నాలుగు రోజుల లెక్క దానిమీద కట్టాను, చివరికి మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. 3607కి 59 వరకు, 3803కి 61 వరకు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. రెండూ నిలబడతాయి.

ఇప్పుడు 123456789 అంటే 3²×3607×3803. ఘాతాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే, 3×2×2, మొత్తం 12 భాజకాలు. వాటి మొత్తం (1+3+9)×(1+3607)×(1+3803), అంటే 13×3608×3804, అంటే 178422816. 12 భాజకాలనూ రాసి, నీ చేత్తో ఒకసారి కలిపి చూడు. క్యాలిక్యులేటర్‌లో 8 అంకెలే పడితే చివరి అంకె పోతుంది, జాగ్రత్త.

తర్వాత 987654321 పట్టుకో. అది 123456789కి 8 రెట్లు, పైన 9. ఈ ఒక్క మాటతో రెండింటి గ.సా.భా. ఎంతో భాగించకుండానే చెప్పగలవు. 9 తీసేశాక ఈసారి ఫెర్మాతో మొదలుపెట్టకు, చిన్న ప్రధాన సంఖ్యలే చూసుకుంటూ రా. 17 దగ్గర ఒక్కసారి భాగించి వదిలేయకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న