మాలాక్‌తో చేసిన 2డి ఎర్రే: 3 స్టేషన్లకు సరే, 27కి సెగ్మెంటేషన్ ఫాల్ట్

మెట్రో ఛార్జీల 2డి ఎర్రేని సి ఫంక్షన్‌లో మాలాక్‌తో (మెమరీ అడిగే ఫంక్షన్) చేసి రిటర్న్ చేస్తే, 3 స్టేషన్లకు నడిచి 27కి సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకున్నందుకు ప్రోగ్రామ్ ఆగిపోవడం) ఆగుతోందని అడిగారు. తప్పు రిటర్న్‌లో లేదు. మీ ఫంక్షన్‌లో బయటి మాలాక్ లైనులో ఉంది. అక్కడ ఎన్ * సైజాఫ్(ఇంట్) అని రాశారు; ఎన్ అంటే స్టేషన్ల సంఖ్య, సైజాఫ్ అంటే ఒక్కదానికి పట్టే బైట్లు. ఆ ఎర్రేలో ఉండేవి ఛార్జీలు కావు, ఒక్కో వరుస చిరునామా. 64 బిట్ లినక్స్‌లో ఇంట్‌కి 4 బైట్లు, పాయింటర్‌కి (చిరునామా దాచేది) 8.

హైదరాబాద్ మెట్రో మియాపూర్–ఎల్బీనగర్ లైనులో 27 స్టేషన్లకు కావలసింది 216 బైట్లు, మీరు అడిగింది 108. మిగతా చిరునామాలు పక్కనే ఉన్న మొదటి వరుస గళ్లలో పడతాయి. అందులో ఛార్జీలు రాయగానే అవి చెరిగిపోతాయి. 3 స్టేషన్లతో నడవడం అదృష్టమే: 12 బైట్లు అడిగినా జీలిబ్‌సీ (లినక్స్‌లోని సి లైబ్రరీ) కనీసం 24 ఇస్తుంది, 3 పాయింటర్లకు సరిగ్గా సరిపోయింది.

1. బయటిది: ఛార్జీ = మాలాక్(ఎన్ * సైజాఫ్(*ఛార్జీ)); సైజాఫ్ లోపలి నక్షత్రం గుర్తు (*) మరవకండి. టైపు పేరు రాయకపోతే ఈ పొరపాటుకే తావుండదు.
2. లూప్‌లో: ఛార్జీ[ఐ] = మాలాక్(ఎన్ * సైజాఫ్(*ఛార్జీ[ఐ])); ప్రతిసారీ నల్ (మెమరీ దొరకలేదని అర్థం) వచ్చిందేమో చూడండి.
3. రిటర్న్ ఛార్జీ, ఫంక్షన్ రిటర్న్ టైపు ఇంట్ ** గానే ఉంచండి. ఎన్ విలువ మెయిన్‌లో మీ దగ్గరే ఉండాలి, పాయింటర్‌లో అది రాదు.
4. ఫ్రీ చేసేటప్పుడు (మెమరీ తిరిగి ఇచ్చేటప్పుడు) ముందు వరుసలు, చివర బయటిది.

అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే కంపైలర్ సాధనం), -g ఆప్షన్ రెండూ పెట్టి కంపైల్ చేసి నడిపితే హద్దు దాటిన లైను నంబరుతో సహా చూపిస్తుంది.