నీడ నల్లగా ఉంటుందని ఎవరన్నారు?

"ఇంప్రెషనిస్టుల తోట బొమ్మలు చూస్తే అంత హాయిగా ఎందుకుంటుంది, రంగుల వల్లేనా?" అని ఒకరు అడిగారు. (ఇంప్రెషనిస్టులంటే, వెలుగు కంటికి ఎలా కనబడితే అలాగే వేసిన పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు.) నన్నడిగితే సగం పైగా నీడల వల్లే.

మా అమ్మాయి పారిస్‌లో చదువుతున్నప్పుడు వెళ్ళి, ఓర్సే మ్యూజియంలో, వాళ్ళలో ఒకడైన మొనే వేసిన 'తోటలో స్త్రీలు' ముందు అరగంట నిలబడిపోయాను. (1866లో మొదలుపెట్టిన బొమ్మ, ఇంప్రెషనిస్టులన్న పేరు 1874లో గానీ పుట్టలేదు, పండితులు నాతో గొడవకు రాకండి.) జనం వాన్ గో దగ్గర సెల్ఫీ దిగి వెళ్ళిపోతున్నారు, దీని ముందు ఖాళీ! రెండున్నర మీటర్ల ఎత్తు. పైభాగం వేయాల్సి వచ్చినప్పుడల్లా మొనే తను నిచ్చెనెక్కకుండా, తోటలో గొయ్యి తవ్వించి కాన్వాసునే కప్పీతో అందులోకి దించేవాడట, చూసే చోటు మారకూడదని.

కింద కూర్చున్న ఆవిడ తెల్ల గౌను చూడండి. ఎండ పడ్డచోట కళ్ళు చెదిరే తెలుపు, నీడలో నీలం. గొడుగు కింద మొహం కూడా అంతే. నిజానికి ఆ ఆడవాళ్ళ మొహాల్లో చెప్పుకోదగ్గ భావమే లేదు. మనకు కలిగే హాయంతా మిట్టమధ్యాహ్నం చెట్టుకింద చేరినప్పటి హాయి.

ఏడో తరగతిలో నేను వేపచెట్టు నీడకు నీలం వేస్తే డ్రాయింగ్ మాస్టారు మొట్టికాయ వేసి నల్ల పెన్సిల్ చేతికిచ్చారు. మన బళ్ళలో బొమ్మలు నేర్పేది ఇలాగే, కళ్ళు మూసుకుని. ఎండ అడ్డుపడ్డ చోట మిగిలేది ఆకాశం వెలుగే కదా, నీలం రాక ఏమొస్తుంది?

1867లో మొనే బొమ్మను సలోన్ (పారిస్‌లో జరిగే అధికారిక చిత్రప్రదర్శన) వాళ్ళూ తిప్పికొట్టారు. మొనే స్నేహితుడు, తనూ చిత్రకారుడే అయిన బజీయ్ 2500 ఫ్రాంకులకు కొన్నాడు, నెలకు 50 చొప్పున, మనం ఫ్రిజ్ కొన్నట్టు! 1921లో అదే బొమ్మకు ఫ్రెంచి ప్రభుత్వం 2,00,000 ఫ్రాంకులు పోసింది.

ఇంటికొచ్చాక డాబా మీద ఆరేసిన తెల్ల పంచె మీద కొబ్బరాకు నీడ పడితే వంగి వంగి చూశాను. నీలమే! పరుగున కిందికెళ్ళి మా ఆవిడకు చెప్తే, "పంచె ఆరిందా లేదా, అది చెప్పండి" అంది.