గోడ దూకే ముందు

అమ్మా,

మూతపడ్డ జనపనార మిల్లు మీద నువ్వు రాసి పంపిన కథ అందింది. చదువుతున్నంతసేపూ చిరాకు పడ్డాను. తర్వాత నీ ఉత్తరంలో సంతకం కింద ఇరికించిన ముక్క చూశాక ఆ చిరాకు ఇంకాస్త పెరిగింది. “మా తాతయ్య ఆ మిల్లులోనే మగ్గాల దగ్గర పనిచేశారు, ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు” అన్నావు. ఇంట్లో అంత మనిషిని పెట్టుకుని, ఎవడో కుర్రాడి చేతికి కెమెరా ఇచ్చి గోడ దూకించావేం తల్లీ?

ఊరి పేరు మార్చావు. గోస్తనీ ఒడ్డు, తగరపువలస బజారు, జూట్ మిల్లు అన్నాక అది విశాఖపట్నం దగ్గరి చిట్టివలస కాక ఇంకేమవుతుంది? 2009లో లాకౌట్ పడిందని కూడా రాశావాయె. మూతపడ్డ ఫ్యాక్టరీల కథలు ఈ మధ్య నాకు తెగ వస్తున్నాయి. అన్నిటిదీ ఒకటే వరస: తుప్పు, తీగలు పాకిన గోడ, పావురాలు, నిశ్శబ్దం. పాడుబడ్డదేదైనా అందంగా కనిపించడం ఇప్పటి ఫ్యాషన్. ఫొటోలవాళ్లు తెచ్చిపెట్టిన జబ్బు ఇది, పత్రికలవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు.

నీ కుర్రాడు సంక్రాంతి సెలవుల్లో మిట్టమధ్యాహ్నం లోపలికి వెళ్లాడు. రంపం పళ్లలాంటి కప్పు, దాని అద్దాల్లోంచి “బంగారు ధారలా” ఎండ. అలా పడదమ్మా. ఆ కప్పులకి అద్దాలు ఉత్తరం వైపు పెడతారు, ఎండ నేరుగా లోపలికి రాకూడదనే. దారం తెగితే కంటికి ఆనాలి కదా, అందుకు నీడలు పడని వెలుతురు కావాలి. పైగా జనవరిలో సూర్యుడు దక్షిణాన ఉంటాడు. ఈ సంగతి తెలిసుంటే, కరెంటు పోయిన ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కప్పు తన డ్యూటీ తాను చేస్తోందని నీకే తట్టేది. నీ కథలో మోటార్లు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. మూతపడ్డ మిల్లులో ముందు మాయమయ్యేది మోటార్లలోని రాగి తీగే.

వాసన సంగతీ అంతే. ఎలుకలు, చెమ్మ అన్నావు. కొత్త గోనెసంచి ఎప్పుడైనా ముక్కు దగ్గర పెట్టుకున్నావా? కిరసనాయిలు వాసన కొడుతుంది. నార బిరుసుగా ఉంటుంది కాబట్టి ముందు నూనె, నీళ్లు కలిపి చల్లి మెత్తబరుస్తారు. బ్యాచింగ్ అంటారు. ఆ తర్వాతే కార్డింగ్‌లో దువ్వడం, డ్రాయింగ్‌లో సాగదీయడం, స్పిన్నింగ్‌లో పురి పెట్టడం, చివరికి మగ్గం. ఆ నూనె సంచిలోనే అంత నిలిచిపోతే, ఏళ్ల తరబడి అది ఒలికిన నేల ఏ వాసన వేస్తుందో ఆలోచించు.

ఇక ఆ నిశ్శబ్దం. మగ్గాల షెడ్డులో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. సైగలు చేసుకుంటారు, పెదాల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. అలా బతికినవాడు ఇంటికొచ్చినా అరిచినట్టే మాట్లాడతాడు. మీ తాతయ్య చెవులు ఎక్కడ పోయాయనుకున్నావు? నువ్వు పేజీకి రెండుచోట్ల వాడిన నిశ్శబ్దం మీ ఇంట్లో, ఆయన దగ్గరే ఉంది.

నేను కుర్రతనంలో ఒక నేత కార్మికుడి మీద కథ రాద్దామని మిల్లు గేటు ఎదురుగా టీ కొట్లో కూర్చునేవాణ్ణి. షిఫ్టు దిగినవాళ్లు నన్ను మేనేజ్‌మెంటు మనిషి అనుకుని మాట్లాడేవారు కాదు. చివరికి ఒకాయన విసిగిపోయి, గ్లాసులో వేలు ముంచి, టీతో బల్ల మీద మగ్గం బొమ్మ గీశాడు. పోగుని మోసుకెళ్లే నాడె ఎటు నుంచి ఎటు పోతుందో, తెగిన పోగు ఎక్కడ పట్టుకోవాలో చూపించాడు. బొమ్మ ఆరిపోతుంటే మళ్లీ గీసేవాడు. అదంతా రాశాను. అప్పటి ఒక సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి, “యంత్రాల రొద హోరెత్తింది” అని తన వాక్యం పెట్టి అచ్చేశాడు. పాఠకులకి టెక్నికల్ విషయాలు బోరు కొడతాయట! ఆయన పోయి చాలా కాలమైంది. నేను మాత్రం ఇంకా క్షమించలేదు.

మిల్లు ఎందుకు మూతపడిందంటే “కాలం మారింది” అని సరిపెట్టావు. కాలం వచ్చి గేటుకి తాళం వెయ్యదు కదా. సిమెంటు, ఎరువులు ప్లాస్టిక్ సంచుల్లోకి వెళ్లిపోయాయి. ధాన్యం, పంచదార లాంటివైనా జనపనార సంచుల్లో నింపించడానికి 1987లో కేంద్రం చట్టమే తేవాల్సి వచ్చింది. అటు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చెరువులో గోగుకట్టలు ఊరేసి, ఆ కంపులో మొలలోతు నీళ్లలో నిలబడి ఇలాంటి మిల్లులకి నార తీసేవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కడైనా నీ కథ గుమ్మం దాకా రాలేదు.

ఒక్కచోట ఆగాను. ముసలమ్మ దబ్బనంతో చిరిగిన గోనె కుట్టి, పురికొసని పళ్లతో తెంపుతుంది చూడు, అది నువ్వు చూసి రాసింది. అది ఉంచు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.

మళ్లీ గోడ దూకే ముందు తాతయ్య ఎదురుగా కూర్చో. దారం తెగితే ఏం చేసేవారని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించు. నోటితో చెప్పలేకపోవచ్చు, చేతులతో చేసి చూపిస్తారు. ఆ చేతులు చేసింది చేసినట్టు రాసి పంపు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించు, పక్కన మార్జిన్ బాగా వదులు. గొణుక్కోవడానికి నాకూ చోటుండాలి.